ఆ మట్టు ఎవరిది?

ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు షేర్ ఆటో ఎక్కినవాడికి వేరే కచేరీ అక్కర్లేదు. వెనక సీటు కింద రెండు స్పీకర్లు, డ్రైవరు ముందు ఒక పెన్‌డ్రైవు. ఊరు దాటేదాకా జనాన్ని ఎక్కించుకోవడం, ఊరు దాటాక వాల్యూం పెంచడం. మొన్న నేనెక్కినప్పుడు ఘంటసాల పాట వస్తోంది. గొంతు ఆయనదే. కింద దరువు మాత్రం ఆయన పోయిన (1974) ఎన్నో ఏళ్లకు పుట్టింది. చరణం మధ్యలో ఎవరో "డీజే" అని తన పేరు అరుస్తున్నాడు కూడా.

నా పక్కన ఒక రిటైరైన లెక్కల మాస్టారు కూచున్నాడు. ఒళ్లో సంచి, సంచిలో బీపీ మాత్రలు. నాలుగు కిలోమీటర్లు ఓర్చుకున్నాడు. తర్వాత ఆపుకోలేకపోయాడు.

"పాట నిలబడిపోయిందప్పా! కొత్తది పుట్టేది ల్యాదు. ఉన్నదానికే రంగులేస్తాండారు."

డ్రైవరు కుర్రాడు అద్దంలోంచి చూసి నవ్వాడు. మాస్టారు ఊరుకోలేదు. లెక్కల మనిషి కదా, రుజువు కూడా చూపించాడు. "మాయాబజార్ 1957. శంకరాభరణం 1980. రోజా 1992. మూడిట్లోనూ తలా ఒక పాట కండ్లు మూసుకొని విను. ఏది ఏ కాలందో పదో తరగతి పిల్లోడు చెప్తాడు. ఇప్పుడు 2005లో వచ్చింది ఒకటి, నిన్న వచ్చింది ఒకటి వినిపించు. ఏది ముందుదో ఏది వెనకదో చెప్పమను చూద్దాం!"

నిజం చెప్పొద్దూ, నాకూ లోపల అదే అభిప్రాయం. యాభై దాటిన ప్రతివాడికీ అదే అభిప్రాయం ఉంటుందేమో. మేం సిలోన్ రేడియోలో మీనాక్షీ పొన్నుదొరై గొంతు కోసం పొయ్యి దగ్గర కూడా ట్రాన్సిస్టర్ పెట్టుకున్న తరం. మాకు పాట అంటే ఎదురుచూడాల్సిన వస్తువు. అడిగిన వెంటనే వచ్చే పాట మీద మాకు మొదటి నుంచీ కొంచెం అనుమానమే.

ఈ గొడవ మన ఆటోలో మాత్రమే జరగడం లేదు. సైమన్ రేనాల్డ్స్ అనే ఇంగ్లీషు సంగీత విమర్శకుడు 2011లో 'రెట్రోమానియా' అని ఒక లావుపాటి పుస్తకమే రాశాడు. పాప్ సంగీతం తన గతాన్నే తాను తవ్వుకుని తింటోందని ఆయన బాధ. మరుసటి ఏడాది బార్సిలోనా పరిశోధకులు 1955 నుంచి 2010 దాకా వచ్చిన 4,64,411 పాశ్చాత్య పాటల్ని కంప్యూటరుకు అప్పగించి చూశారు. స్వరాల నడకలో వైవిధ్యం తగ్గింది, వాయిద్యాల రంగులు ఒకేలా అవుతున్నాయి, చప్పుడు మాత్రం ఏటికేడు పెరుగుతోంది అని తేలింది. మా మాస్టారు వింటే ఎగిరి గంతేసే మాట. కానీ 2015లో లండన్ పరిశోధకులు అమెరికాలో 1960 నుంచి 2010 వరకు హిట్టయిన పదిహేడు వేల పాటలు తీసి వేరే లెక్క కట్టారు. 1964, 1983, 1991 సంవత్సరాల్లో పాట ఒక్కసారిగా మలుపు తిరిగిందనీ, అన్నీ ఒక్కలాగే అయిపోతున్నాయన్న మాటకు ఆధారం దొరకలేదనీ వాళ్లు తేల్చారు.

ఇదంతా మాస్టారుకు చెప్పాను. ఆయన సంచి సర్దుకుని, "ఒకే లెక్కకు రెండు జవాబులొస్తే కట్టినోడన్నా తప్పు చేసుండాల, లెక్క ఇచ్చినోడన్నా తప్పు చేసుండాల" అన్నాడు.

ఆ మాట నన్ను పట్టుకుంది. ఆ రెండు లెక్కల్లోనూ ఉన్నవి రికార్డయిన పాటలు. రికార్డు కాని పాట సంగతి? మన పడమటి కర్నూలు పల్లెల్లో శ్రీరామనవమికి చెక్క భజనలో పాడేది, పీర్ల గుండం చుట్టూ తిరుగుతూ పాడేది, మిరపకోతలో పాడేది ఏ లెక్కలోకి వస్తాయి? అవి మారుతున్నాయా, నిలబడిపోయాయా?

ఈ ప్రశ్నకు జవాబు నాకు ఇరవై ఏళ్ల కిందటే ఒకాయన చెప్పాడు. నాకు తల దించుకోవాల్సి వచ్చిన సంగతి కనుక ఎక్కడా రాయలేదు.

ఆదోనికీ ఎమ్మిగనూరుకూ నడుమ ఒక పల్లెలో చెక్క భజన పోటీలు పెట్టారు. పత్రికల్లో రాస్తాడని నన్ను న్యాయనిర్ణేతగా పిలిచారు. చెక్క భజన చూడని పట్నం పాఠకుల కోసం ఒక మాట. చేతుల్లో చెక్కలు, వాటికి తాళపు బిళ్లలు, కాళ్లకు గజ్జెలు. గుండ్రంగా తిరుగుతూ అడుగు వేస్తారు. మధ్యలో గురువు పాట ఎత్తుకుంటాడు, జట్టు అందుకుంటుంది. పక్కన హార్మోనియం, తబలా. పాట రాముడిదో హనుమంతుడిదో అయి ఉంటుంది. అడుగు మెల్లగా మొదలై, పాట చివరికి వచ్చేసరికి దుమ్ము లేస్తుంది.

ఆ రాత్రి రెండు జట్లు బాగా చేశాయి. మొదటి జట్టు కుర్రాళ్లది. అందరికీ పద్దెనిమిది, ఇరవై ఏళ్లు. అడుగు అద్భుతం. అయితే వాళ్లు ఎత్తుకున్న వరస ఆ ఏడాది ఆదోని సినిమా హాళ్లలో దుమ్ము దులుపుతున్న ఒక మసాలా పాటది. మాటలు మాత్రం సీతమ్మవారి మీద కట్టుకున్నారు. రెండో జట్టు నడివయసు వాళ్లది. గురువుకు అరవై దాటాయి. వాళ్లు పాడింది ఎక్కడా వినని, గుండెను పిండే వరస. నేను మొదటి జట్టుకు మార్కులు కోసేశాను. రెండో జట్టుకు మొదటి బహుమతి ఇచ్చి, మైకు తీసుకుని పది నిమిషాలు ఉపన్యాసం కూడా దంచాను. మట్టిలోంచి పుట్టిన వరస అన్నాను. సినిమా కల్తీ సోకని స్వచ్ఛమైన జానపదం అన్నాను. జనం చప్పట్లు కొట్టారు. కుర్రాళ్ల జట్టు వెనక నిలబడి వింది.

రెండేళ్ల తర్వాత ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరుడి జాతరలో ఆ గురువు కనిపించాడు. టీ తాగుతూ ఆ వరస సంగతి మళ్లీ ఎత్తాను. మీ తాతల నాటిదా అన్నాను.

"మా తాతలకు యాడిది సామీ! మా గురువు చిన్నప్పుడు బళ్లారిలో నాటకం చూసి పట్టుకొచ్చినాడంట. పార్సీ మట్టు. ఆ మట్టుకు రాముడి మాటలు కట్టుకున్యాము." ఒక గుక్క తాగి, "ఆ పిల్లోల్లు చేసిందీ మేము చేసిందీ ఒకటే సామీ. మాది పాతబడింది, అంతే తేడా" అన్నాడు.

టీ చల్లారిపోయింది.

మట్టు అంటే వరస, బాణీ. పాత నాటకాల పుస్తకాల్లో పాట మీద 'పార్సీ మట్టు' అనో 'హిందూస్థానీ మట్టు' అనో అచ్చువేసేవారు. దొంగతనాన్ని దాచుకోవడం లేదు గమనించారా? ఫలానా వరస మాకు నచ్చింది, తెచ్చుకున్నాం అని తలమీద రాసి మరీ అమ్ముకున్నారు. ఇప్పటి రీమిక్సువాడు తన పేరు అరవడానికి, అప్పటివాడు మట్టు పేరు అచ్చువేయడానికి ఎంత తేడా ఉందో మీరే ఆలోచించండి.

బళ్లారి మాట ఎందుకొచ్చిందో ఈ కాలం పిల్లలకు చెప్పాలి. ఆదోని అప్పట్లో బళ్లారి జిల్లాలోది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటు వచ్చాయి, బళ్లారి అటు పోయింది. అంతకుముందు మనవాళ్లకు కోర్టు పనైనా, నాటకమైనా బళ్లారే. ఆ బళ్లారిలో వకీలుగా ఉన్న ధర్మవరం రామకృష్ణమాచార్యులు 1886లో సరసవినోదినీ సభ పెట్టి, 'చిత్రనళీయం' మొదలుకొని వరసగా నాటకాలు రాసి ఆడించారు. ఆయనకు పోటీగా కోలాచలం శ్రీనివాసరావు సుమనోరమ సభ. అటు ధార్వాడ నాటక సమాజం 1880 ప్రాంతంలో కోస్తాకు వచ్చి ఆడితే, అది చూసి అక్కడివాళ్లు తెలుగు నాటకాలు మొదలుపెట్టారు. మరాఠీ పాట, పార్సీ కంపెనీల హిందూస్థానీ రాగాలు, మన కర్ణాటక సంగీతం, కన్నడ నాటకం అన్నీ ఒకే పందిరి కింద కలిశాయి. తెలుగు పద్యం ఉత్పలమాలలోనో చంపకమాలలోనో ఉంటుంది. దాని చివర తీసే రాగం మాత్రం ఎక్కడెక్కడి నుంచో నడిచి వచ్చింది.

ఇంకో వింత చూడండి. ఆ నాటకానికి ప్రాణం హార్మోనియం. ఇప్పుడు మనం దాన్ని అచ్చమైన పల్లె వాద్యం అనుకుంటాం. అది 1842లో పారిస్‌లో పేటెంటు పొందిన పెట్టె! మన సంగీతానికి పనికిరాదని ఆకాశవాణి 1940లో దాన్ని గడప తొక్కనివ్వలేదు. ముప్పై ఏళ్లు దాటితే గానీ ఆ పట్టు సడలలేదు. అప్పటికి అది ప్రతి భజన గుడిలోనూ దేవుడి పటం పక్కనే కూచుంది.

మరి ఇంత కలగలిసి పెరిగిన పద్యనాటకం ఎక్కడ ఆగింది?

నేననుకోవడం, ప్లేటు దగ్గర. గ్రామఫోను ప్లేటు. డి.వి. సుబ్బారావు హరిశ్చంద్ర పద్యాలు ప్లేట్లకెక్కి ఊరూరా మోగాక, తర్వాత హరిశ్చంద్ర వేషం కట్టిన ప్రతివాడికీ అదే కొలబద్ద అయింది. కృష్ణుడికి పీసపాటి, షణ్ముఖి ఆంజనేయరాజు. మా పక్క పల్లెల్లో ఇప్పటికీ జాతరకు కురుక్షేత్రం నాటకం ఆడతారు. ఆడేది రైతులే. వేషానికి ఇంత అని చందాలు వేసుకుని, సీనరీలూ డ్రెస్సులూ బాడుగకు తెచ్చి, హార్మోనియం మాస్టారును నెలల తరబడి ఊళ్లో పెట్టుకుని తిండి పెట్టి నేర్చుకుంటారు. పత్తి తీసిన చేతులతోనే గద పడతారు. వాళ్ల మీద నాకు ఎంత ప్రేమో చెప్పలేను. కానీ వాళ్లు నేర్చుకునేది తిరుపతి వేంకట కవుల పద్యం ఒక్కటే కాదు, ఆ పద్యం ప్లేట్లో ఎలా ఉందో అది. రాగం ఎక్కడ విరగాలి, ఎక్కడ ఊపిరి తీయాలి, అన్నీ. ఒక్క సంగతి కొత్తగా వేస్తే ముందు వరసలో కూచున్న పెద్దాయన తల అడ్డంగా ఊపుతాడు. ప్లేటులో ఉన్నట్టే పాడితే "వన్స్‌మోర్!"

బళ్లారి రాఘవ బతికున్న రోజుల్లోనే (ఆయన 1946లో పోయారు) ఈ రాగాల వెల్లువ మీద విసుక్కున్నారు. నటన పోయి సాగదీత మిగులుతోందని ఆయన బాధ. రాఘవకు ధర్మవరం వారు స్వయానా మేనమామ. అంటే పద్యనాటకం పెరుగుతున్న రోజుల్లో ఇంట్లోనే దానితో పోట్లాడేవాళ్లు ఉన్నారు. ఇప్పుడు దానితో పోట్లాడేవాడు లేడు. అందరం దండం పెడుతున్నాం. నాకు భయం వేసేది ఈ దండం చూసే.

సినిమా పాటకూ ఇదే గతి పడుతోందేమో చూడండి. 1932లో 'భక్త ప్రహ్లాద'తో మొదలైనప్పుడు సినిమా పాట అంటే నాటకం పద్యమే. అక్కడి నుంచి లలిత సంగీతం, లాటిన్ దరువు, డిస్కో, కంప్యూటరు శబ్దం, ఏది దొరికితే అది వేసుకుంది. సినిమా పాట ఒక ప్రక్రియ అని నేనెప్పుడూ నమ్మలేదు. అది ఆదోని మార్కెట్ యార్డుకు వచ్చే పత్తి బోరెం లాంటిది. ఎన్ని చేలది ఒక మూటలో ఉందో కట్టినవాడికే తెలియదు. అయితే మనం ఏం చేస్తున్నాం? పెళ్లి ఆర్కెస్ట్రాలో పాడేవాడికి మనమిచ్చే పెద్ద మెచ్చుకోలు "అచ్చం బాలూలాగే పాడినావప్పా" అని. టీవీ పాటల పోటీలోనూ పసిపిల్లలకు అదే మెచ్చుకోలు. అచ్చం, అచ్చం, అచ్చం. అచ్చంగా పాడమని అడిగేదీ మనమే, కొత్తది రావడం లేదని ఏడ్చేదీ మనమే.

ఇంతవరకు చదివి, మరి డీజేను కూడా మెచ్చుకుంటావా అని మీరడుగుతారు. మెచ్చుకోను. ట్రాక్టరు ట్రాలీలో బాక్సులు పేర్చి ఊరి నడుమ వదిలితే ముసలివాళ్ల గుండెలు అదురుతున్నాయి. చప్పుడు ఏటికేడు పెరుగుతోందన్న బార్సిలోనా లెక్క మా గణేశ్ నిమజ్జనంలో రుజువవుతుంది. అంతకన్నా పెద్ద బాధ వేరే ఉంది. ఒక ల్యాప్‌టాప్ కుర్రాడు వచ్చాక క్లారినెట్ ఊదేవాడు, తప్పెట కొట్టేవాడు, డోలువాడు అందరూ పని లేక కూచున్నారు. మారడం వేరు, మనుషుల్ని మింగడం వేరు. ఈ రెంటినీ ఒకే పేరుతో పిలిచి తిట్టడమూ, ఒకే పేరుతో పిలిచి పొగడటమూ రెండూ సులువే.

కానీ ఆ కుర్రాడి దరువు ఎక్కడి నుంచి వచ్చిందో కాస్త చెవి పెట్టి వినండి. తెలంగాణ పల్లెపాట యూట్యూబు ఎక్కి ఇంత దూరం వచ్చింది. 2021లో 'బుల్లెట్టు బండి' పాటకు మా పక్క పెళ్లికూతుళ్లు కూడా ఆడారు. కీరవాణి 'నాటు నాటు'కు 2023 మార్చిలో ఆస్కార్ వచ్చింది కదా, ఆరు దెబ్బల ఆ నడక మన తప్పెటకు కొత్తదా? లాస్ ఏంజిలిస్‌లో వాళ్లకు కొత్తగా వినిపించి ఉంటుంది. మా పీర్ల పండక్కి గుండం చుట్టూ తిరిగేవాళ్ల కాళ్లకు అది ఎప్పటి నుంచో తెలిసిన అడుగే.

పాటలు మా ప్రాంతంలో ఇంకో దారినా తిరుగుతాయి. వాన తప్పితే మా పల్లెలు సగం ఖాళీ అవుతాయి. సుగ్గికి పోవడం అంటారు. గుంటూరు వైపు మిరపకోతలకు పోయి, రెండు మూడు నెలలు చేల గట్ల మీద గుడారాలు వేసుకుని ఉంటారు. పిల్లలు బడి మానేస్తారు, ముసలివాళ్లు ఇంటి కాపలాకు మిగులుతారు. దాని కష్టం రాయాలంటే వేరే వారం కావాలి. ఆ కష్టంలోనే కోస్తా వరసలు ఇటు వస్తాయి, మన కన్నడ తెలుగు కలగాపులగం వరసలు అటు పోతాయి. వాటికి ప్లేటు లేదు. అచ్చం ఎలా ఉండాలో చెప్పేవాడు లేడు. అందుకే అవి ఏటికి ఒక రకంగా ఉంటాయి.

ఇంతకీ ఆ గురువుతో టీ తాగిన రోజు మాట పూర్తి చేయలేదు. నేను మార్కులు కోసిన కుర్రాళ్లు ఏమయ్యారని అడిగాను.

"మల్లా చెక్క పట్టుకోల్యా సామీ. మీరు మైకులో అట్లంటిరి గదా. వాళ్ల గురువు గూడా సిగ్గుపడినాడు. నలుగురు బెంగుళూరు పోయిరి, మిగిలినోల్లు ఊర్లోనే ఉండారు. భజన మాత్రం ల్యాదు." ఆయన నిష్ఠూరంగా అనలేదు. వాన పడలేదు అన్నట్టు అన్నాడు. టీ డబ్బులు నన్ను ఇవ్వనివ్వలేదు.

ఆ గురువు ఇప్పుడు లేడు. ఆయన జట్టులో ఇద్దరు ముగ్గురు మిగిలారు. ఆ పార్సీ మట్టు వాళ్లతో ఉంది. ఎవరైనా రికార్డు చేసుకుంటే బాగుండునని ఒకసారి, చేయకపోవడమే మంచిదని ఒకసారి అనిపిస్తుంది. ఏదీ తేల్చుకోలేకపోతున్నాను.

నిరుడు శ్రీరామనవమికి అదే పక్క మరో ఊళ్లో పోటీలు చూడటానికి వెళ్లాను. న్యాయనిర్ణేతగా కాదు, కింద పట్టా మీద కూచున్నాను. పన్నెండు మంది ఆడపిల్లల జట్టు వచ్చింది. ఒకే రంగు పంజాబీ డ్రెస్సులు, కాళ్లకు గజ్జెలు. గురువు స్థానంలో ఇంటర్ చదివే అమ్మాయి. వరస నాకు తెలిసినట్టే ఉంది, తెలియలేదు. మొదట దంపుడు పాటలా నడిచింది, మధ్యలో ఎక్కడో సినిమా గాలి తగిలింది, చివరికి వచ్చేసరికి కన్నడ భజన మలుపు తిరిగింది. తబలా పక్కన ఎలక్ట్రానిక్ ప్యాడ్ ఒకటి మోగుతోంది, కాస్త ఎక్కువగానే.

అయిపోయాక ఆ అమ్మాయిని పిలిచి, ఆ వరస ఎక్కడిదమ్మా అని అడిగాను.

"మా అవ్వ సుగ్గి నుంచి నేర్సుకొనొచ్చింది తాతా. సగమే గుర్తుంది ఆమెకు. మిగిలింది మేమే కలిపినాం, ఫోన్లో వింటా వింటా." నా మొహంలో ఏం కనిపించిందో, చేతిలో చెక్కలు దగ్గరగా పట్టుకుంది. "ఏం తాతా, అట్ల కలపకూడదా?"

స్టేజీ మీద మైకు పట్టుకుని ఎవరో ఫలితాలు చదవడం మొదలుపెట్టారు. ఆ అమ్మాయి అటు చూడలేదు.

"ఇంకోసారి పాడతావా?" అన్నాను.

"ఇంకోసారికి వేరేగా వస్తుంది తాతా," అని గజ్జెలు సర్దుకుని మొదలుపెట్టింది.